దిక్కు నేర్చిన మన్ను

గోదావరి వరద తీసి ధర్మపురి రేవుల్లో నీళ్ళు తేటపడ్డాక, ఒడ్డున ఆరుతున్న ఇసుక మీద నల్లని చారలు బయటపడతాయి. కాటుక అంటిన వేలితో ఎవరో గీసినట్టు సన్నగా, వంకలు తిరుగుతూ, అల వెనక్కి తగ్గిన అంచు వెంబడే సాగుతాయి. స్నానానికి దిగేవాళ్ళు వాటిని తొక్కుకుంటూనే పోతారు. వంగి ఒక చిటికెడు చేతిలోకి తీసుకుంటే దాని బరువు వేరుగా తెలుస్తుంది. పక్కనున్న తెల్లిసుకకు అది రెండింతల బరువు. నది తేలికైన రేణువును తనతో తీసుకుపోయింది, బరువైనదాన్ని మెల్లగా దించి వెళ్ళింది. ఏ చేయీ పట్టని జల్లెడతో, ఏ కన్నూ చూడని వేళ, కోటానుకోట్ల రేణువులను ఏరి వరుస పెట్టింది. పాత స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతపు చక్రాన్ని ఆ చారకు దగ్గరగా తెస్తే నల్లిసుక అంతా ఒక్కసారిగా గగుర్పొడుస్తుంది, రోమరోమమూ నిక్కబొడుచుకుని లేస్తుంది. ఒడ్డున ఆడే పిల్లలందరికీ తెలిసిన వింత ఇది. తెలిసినంత మాత్రాన వింత కాకుండా పోలేదు.

ఆ నల్ల రేణువు మాగ్నెటైటు. మూడు ఇనుప పరమాణువులు, నాలుగు ప్రాణవాయు పరమాణువులు చేయీ చేయీ పట్టుకుని నిలిచిన స్ఫటికం. పెద్దలు సూదంటురాయి అన్నది దీన్నే. కరీంనగర్ గడ్డ కింద పడుకున్న శిలలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ శిలల్లో కొన్నిచోట్ల పలుగురాయి పొర ఒకటి, ఇనుపరాయి పొర ఒకటి, తెలుపూ నలుపూ అంచులు మార్చి మార్చి నేసిన చీరలాగా సాగుతాయి. ఎండ పగలగొట్టింది, వాన కడిగింది, వాగు మోసింది, నది ఏరింది. ప్రభూ, ఒక చిటికెడు ఇసుక కోసం ఇన్ని యుగాలు వెచ్చించే ఓపిక నీకు కాక ఎవరికుంది! పుట్టించడంలో తొందర లేదు, పంచడంలో పిసినారితనం లేదు. కాలితో తొక్కేంత సమృద్ధిగా పరిచావు.

లోపల ఉన్న అమరిక ఇంకా అబ్బురం. ఆ స్ఫటికంలో ఇనుము రెండు రకాల గదుల్లో కాపురం ఉంటుంది. ఒక గదిలోవాళ్ళు ఒకవైపు ముఖం పెడితే, రెండో గదిలోవాళ్ళు సరిగ్గా దానికి ఎదురుగా ముఖం పెడతారు. ఇద్దరి బలమూ సమానమైతే ఒకదానికొకటి చెల్లిపోయి లోకానికి ఏమీ మిగలదు. సమానం కాదు. ఒక పక్క కొంచెం ఎక్కువ. ఆ కొంచెమే, చెల్లగా మిగిలిన ఆ శేషమే, సూదిని లాగేది, ఓడకు ఉత్తరం చూపేది. 1948లో లూయీ నీల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ రహస్యాన్ని విప్పి చెప్పాడు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎదురెదురుగా నిలిచిన రెండు సేనల నడుమ మిగిలిన శేషం శక్తి కావడం, ఆ శక్తి ఎన్ని కోట్ల ఏళ్ళకూ తరగకపోవడం తలచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఆదిలాబాద్ వైపు ఇంకో లీల చేశావు. జైనథ్, బేల చేలల్లో నల్లరేగడి ఉంది కదా, వానకు బంకయి ఎండకు నెర్రెలు వారి, పత్తిని తెల్లగా విరగకాయించే ఆ మన్ను, దాని తల్లి నిప్పు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కను అంతటా పారిన లావా గడ్డకట్టిన రాయి అరిగి అరిగి ఈ రేగడి అయింది. ఆ రోజుల్లో ఈ నేల ఇక్కడ లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన, సముద్రం మధ్య, ఉత్తరానికి ప్రయాణం కట్టి ఉంది. లావా చల్లారేటప్పుడు దానిలోని నల్లని ఇనుప రేణువులు ఆనాటి భూమి అయస్కాంతం ఎటు చూపుతోందో అటు తిరిగి, అలాగే నిలిచిపోయాయి. ఖండం వేల మైళ్ళు నడిచింది, రాయి మాత్రం పుట్టిన చోటి దిక్కును మరువలేదు. ఆ రాతి ముక్కను ప్రయోగశాలలో పెట్టి అడిగితే మనం ఏ అక్షాంశం నుంచి వచ్చామో చెబుతుంది.

అందులోనూ ఒక నియమం. లావా తొందరగా చల్లారిన చోట రేణువు సన్నం, పట్టు గట్టి. నిదానంగా చల్లారిన చోట రేణువు పెద్దది, పట్టు సడలు. కరిగింది ఒకటే, ఇనుము ఒకటే, ప్రాణవాయువు ఒకటే. చల్లారిన తీరు వేరైతే గుణం వేరైంది. అయ్యా, ద్రవ్యంలో సగమే పెట్టి మిగతా సగాన్ని చేతలో దాచావు. ఎలా కాల్చారు, ఎలా చల్లార్చారు, ఎంత మెత్తగా నూరారు అన్నదాన్ని బట్టి ఒకే మన్ను మొద్దూ అవుతుంది, మహిమా అవుతుంది.

ఊరి కుమ్మరికి ఈ మహిమ చేతికిందే ఉంది. చెరువు మట్టిలో ఇనుము ఉంటుంది. ఆవంలో కాలి కుండ ఎర్రబడేది దానివల్లే. మంట ఆరి కుండ చల్లారుతున్నప్పుడు దానిలోని ఇనుప రేణువులు ఆ రోజు భూమి చూపిన దిక్కును ఒంటబట్టించుకుంటాయి. బలం చాలా తక్కువ, సూదిని కదపలేనంత తక్కువ. అయినా జ్ఞాపకం నిజం. తవ్వకాల్లో దొరికిన పాత ఆవాల గోడలను చదివి, వందల ఏళ్ళ కిందట భూమి అయస్కాంతం ఎటు తిరిగి ఉండేదో శాస్త్రజ్ఞులు రాసుకుంటున్నారు. పసుపు పూసి, వేపమండ చుట్టి, దీపం వెలిగించి తలకెత్తుకున్న బోనం కుండ కూడా తాను కాలిన రాత్రి ఉత్తరం ఎటుందో మోస్తూనే నడుస్తుంది. తల్లీ, నీకు నైవేద్యం తెచ్చే పాత్రలో కూడా నీ దిక్కే రాసి ఉంది!

ఇక కమ్మరులు. మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి ప్రాంతాల పేరు చెబితే ఉక్కు చరిత్ర తెలిసినవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. పాత కరీంనగర్, నిజామాబాదు జిల్లాల సరిహద్దులో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కొలుముల్లో తయారైన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. హెన్రీ వాయ్‌సీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు ఆ పని కళ్ళారా చూసి రాసిన వివరం 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నల్లని ఇనుపరాయిని దంచి, నీళ్ళలో కడిగి, తేలిక పోగా మిగిలిన బరువును తీసుకునేవారు. నది ధర్మపురిలో చేసే పనినే కమ్మరి తన తొట్టిలో చేశాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసలో పెట్టి, మూతి మూసి, తిత్తులతో ఊదుతూ రాత్రీ పగలూ కాల్చాడు.

ఆ మూస దగ్గర నేను కాసేపు ఆగాలి. అది వట్టి మట్టి కాదు. మట్టిలో వరిపొట్టు కలిపి మెత్తగా పిసికి చేసింది. మంటలో పొట్టు కాలి మసి అవుతుంది, ఆ మసి గోడనిండా అల్లుకుంటుంది. పొట్టులో ఉండే ఇసుకతత్వం సన్నని అస్థిపంజరంగా నిలిచి గోడకు ఎముక అవుతుంది. ఇనుము కరిగే వేడికి ఆ పాత్ర తట్టుకున్నది దాని వల్లే. అన్నం పెట్టిన వరి, తినగా మిగిలిన పొట్టుతో ఉక్కును కూడా కన్నది. కొలిమి ఆరాక మూసను వెంటనే బయటికి తీయలేదు కమ్మరి. నిదానంగా చల్లారనిచ్చాడు. ఆ నిదానం లోపల ఉక్కు తన పొరలు తాను పేర్చుకుంది. ఆ ముద్దను పశ్చిమాసియా కమ్మరులు కత్తిగా సాగదీస్తే అలుగు మీద నీటి అలలు తేలాయి. డమాస్కస్ కత్తి అని లోకం చెప్పుకున్న సొగసు పుట్టుక ఈ నేలలో ఉంది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవాళ్ళు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవాళ్ళు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి ఆ పని ఆనవాళ్ళను నమోదు చేశారు. చేను గట్ల మీద, చెరువు కట్టల కింద, ఊరి వెనక దిబ్బల్లో చిట్టెం కుప్పలు, పగిలిన మూసపెంకులు. దున్నుతుంటే నాగలికి తగిలే ఆ పెంకులను రైతు గట్టుకు విసిరేస్తాడు. తీసి కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది నాకు.

ఆ కొలుములు చల్లారాయి. విద్య ఇంకో వేషంలో లోకంలో తిరుగుతూనే ఉంది. 1930లో టోక్యోలో యోగొరో కాటో, తకేషి తకేయి అనే ఇద్దరు ఆచార్యులు ఇనుప భస్మాన్ని కోబాల్టు భస్మంతో కలిపి కాల్చి, మట్టిపాత్రలాంటి ఒక వస్తువును అయస్కాంతంగా నిలబెట్టారు. 1952లో హాలండులోని ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలవాళ్ళు ఇనుప భస్మానికి బేరియం జోడించి ఇప్పుడు మన ఇళ్ళనిండా ఉన్న నల్లని పింగాణీ అయస్కాంతాన్ని ప్రకటించారు. తరవాతి దశాబ్దంలో బేరియం పక్కకు స్ట్రాన్షియం కూడా వచ్చి చేరింది. ఫెర్రైటు అంటారు దాన్ని. మన గోదావరి ఒడ్డు నల్లిసుకకు దగ్గరి చుట్టం.

దాని పుట్టుక వినండి. ఒక పక్క ఎర్రని పొడి. అది తుప్పే. ఉక్కు రేకులను ఆమ్లంతో కడిగినప్పుడు ఆ ఆమ్లంలో కరిగిపోయిన ఇనుమును వేయించి తీసిన తుప్పు. పారబోయవలసినది పనికి వచ్చింది. ఇంకో పక్క తెల్లని పొడి, బేరియం కార్బనేటో స్ట్రాన్షియం కార్బనేటో. ఆ బేరియం కోసం దూరం పోనక్కరలేదు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో తెలుగు నేల ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకదాన్ని కడుపున దాచుకుని ఉంది, ఆ రాయిలో ఉన్నది బేరియమే. ఎరుపూ తెలుపూ కలిపి 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే, తెల్లపొడిలోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోతుంది, బేరియం ఇనుపభస్మపు ఇంట్లోకి నడిచి వెళ్ళి కూర్చుంటుంది. ఎరుపు పోయింది, తెలుపు పోయింది, బయటికి వచ్చింది నలుపు. కుంకుమా విభూతీ కలిసి కాటుక అయింది.

ఆ నలుపులోపల మళ్ళీ ఒక గుడి కట్టావు, స్వామీ. సెంటీమీటరును 43 లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్కంత ఎత్తు ఆ గుడి. అందులో 64 పరమాణువులు: 38 ప్రాణవాయువు, 24 ఇనుము, 2 బేరియం. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఆ 24 ఇనుములు ఐదు రకాల గదుల్లో సర్దుకుంటాయి. 16 ఊర్ధ్వముఖం, 8 అధోముఖం. ఎనిమిదికి ఎనిమిది చెల్లిపోగా ఎనిమిది మిగిలాయి. అష్టదిక్కులకూ అష్టదిక్పాలకులను నిలిపినవాడివి, ఈ చీకటి గర్భగుడిలో ఎనిమిదింటినీ ఒకే దిక్కుకు నిలబెట్టావు. ఆ దిక్కు ధ్వజస్తంభంలా నిట్టనిలువు. అడ్డంగా తిప్పాలంటే అంత తేలిగ్గా తిరగదు. ఆ మొండితనమే అయస్కాంతానికి ఆయుష్షు.

ఇక్కడి నుంచి మనిషి చేతికి అప్పగించావు. ఆ అప్పగింతలో ఉన్న నమ్మకాన్ని చూస్తే నాకు కన్నీళ్ళు వస్తాయి. సూత్రం నువ్వు రాసి, పనితనం మాకు వదిలావు. అదే నలుపు, ఒకరి చేతిలో అల్పంగా, ఇంకొకరి చేతిలో ఘనంగా ఎలా మారుతుందో తెలిస్తే ఏ పనివాడూ తన పనిని చిన్నదనుకోడు.

ముందు నూరాలి. కాల్చిన గడ్డను ఇనుప గుండ్ల మరలో నీళ్ళు పోసి గంటలకొద్దీ తిప్పి, ఒక మైక్రాను దాకా తెస్తారు. వెంట్రుక మందంలో ఏ 70వ వంతో అనుకోవచ్చు. ఎందుకంత సన్నం? రేణువు పెద్దదైతే దానిలోపల వాటాలు ఏర్పడతాయి. ఒక వాటా ఇటు చూస్తుంది, ఒక వాటా అటు చూస్తుంది, నడుమ గోడలు లేస్తాయి. బయటి నుంచి కాస్త ఒత్తిడి రాగానే ఆ గోడలు జరిగిపోయి, పట్టు జారిపోతుంది. మైక్రానుకు దిగువకు వచ్చాక వాటాలకు చోటు ఉండదు. రేణువంతా ఒకే మనసు. తిప్పితే మొత్తం తిరగాలి, అందుకే తిప్పడం కష్టం. ఐతే మితిమీరి నూరినా నష్టమే. స్ఫటికం నలిగి దానిలోని వరుసలు చెదిరిపోతాయి. ఆ గాయాలను మళ్ళీ అగ్నే మాన్పుతుంది. కొట్టినదానికి ఓదార్పు కూడా నీ దగ్గరే ఉంది.

తరవాత అచ్చులో ఒత్తడం. పనితనంలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే అంటాను నేను. పొడిని పొడిగానే అచ్చులో పోసి ఒత్తితే రేణువులు ఎటు పడినవి అటే ఉండిపోతాయి. ఒకటి తూర్పు, ఒకటి నైరుతి, ఒకటి ఆకాశం. అలా చేసిన బిళ్ళ చివరికి నిలుపుకునే బలం సుమారు 2,200 గాస్. అదే పొడిని నీళ్ళలో కలిపి జారుగా చేసి, అచ్చు చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రాన్ని పెట్టి ఒత్తితే, నీళ్ళలో తేలే ప్రతి రేణువూ తిరిగి, క్షేత్రం చూపిన వైపుకు తన నిలువు గీతను సరిచేసుకుంటుంది. నీళ్ళు సన్నని వడపోత గుడ్డలోంచి బయటికి జారిపోతాయి, వరుస మిగులుతుంది. సద్దుల బతుకమ్మ రోజు కరీంనగర్ వాకిళ్ళలో అక్కచెల్లెళ్ళు తంగేడునూ గునుగునూ కాడలు లోపలికి, పూలు బయటికి ఒక్క తీరుగా పేర్చినట్టు, కోట్ల రేణువులు ఒక్క తీరుగా పేర్చుకుని నిలుస్తాయి. ఆ బిళ్ళ బలం సుమారు 4,000 గాస్. దానిలో నిలవ ఉండే శక్తి మొదటిదానికి మూడున్నర రెట్లు. పదార్థం చిటికెడు కూడా పెరగలేదు. పెరిగింది వరుస. నీళ్ళిచ్చిన స్వేచ్ఛలో పుట్టిన వరుస.

పొడిలో ఒకదానికొకటి రాపిడై ఇరుక్కుపోయిన రేణువులు నీళ్ళు తగలగానే సులువుగా తిరగడాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరదు. గంగమ్మా, నువ్వు కొండను కోసి ఇసుక చేస్తావు, ఇసుకను ఏరి నలుపు చేస్తావు, ఆ నలుపుకు తిరిగే వీలు కూడా నువ్వే ఇస్తావు. పని అయ్యాక నిలవకుండా వెళ్ళిపోతావు.

ఇక అగ్ని. ఒత్తిన బిళ్ళ ఇంకా పచ్చిది, వేలితో గీరితే రాలుతుంది. దాన్ని 1200 డిగ్రీలకు అటూ ఇటూగా కాల్చాలి. రేణువు రేణువుకు అంటుకుంటుంది, నడుమ ఖాళీలు మూసుకుపోతాయి, బిళ్ళ కుదించుకుపోతుంది. వరుసగా పేర్చిన బిళ్ళ అన్నివైపులా సమంగా కుదించుకోదు. రేణువులు నిలబడ్డ దిక్కున ఎక్కువ, అడ్డంగా తక్కువ. బయటి కొలతలోనే లోపలి దిక్కు తెలిసిపోతుంది. వేడి తక్కువైతే లోపల సందులు మిగిలి బలం తగ్గుతుంది. వేడి ఎక్కువైతే పెద్ద రేణువు పక్కనున్న చిన్నదాన్ని మింగి లావెక్కుతుంది. లావెక్కగానే వాటాలు లేస్తాయి, పట్టు పోతుంది. ఈ రెంటి నడుమ సన్నని సందు. ఆ సందులో నడవడానికి తోడుగా చిటికెడు ఇసుకతత్వం, చిటికెడు సున్నం కలుపుతారు. అవి రేణువుల సరిహద్దుల్లో కావలి నిలబడి, అంటుకోనిస్తాయి గాని మింగనివ్వవు. కోనసముద్రం మూసలో వరిపొట్టు నుంచి వచ్చిన ఇసుకతత్వమే, ఇక్కడ ఇంకో రూపంలో ఇంకో కాపలా కాస్తోంది. ఒకే దూతను ఎన్ని పనులకు పంపుతావు, తండ్రీ!

ఇంత దారి నడవకుండా ఇంకో దారి కూడా తెరిచావు. హైదరాబాదు ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా ఫెర్రైట్ల మీద తపస్సు జరుగుతోంది. ఇలాంటి ప్రయోగశాలల్లో పిల్లలు ఇనుప లవణాన్నీ బేరియం లవణాన్నీ నీళ్ళలో కరిగించి నిమ్మఉప్పు కలుపుతారు. వేడి చేస్తూ పోతే అది చిక్కబడి జిగురు అవుతుంది. ఇంకా వేడి చేస్తే ఆ జిగురు ఉన్నట్టుండి తనంత తానే అంటుకుని, ఒక్క వెలుగు వెలిగి, ఉబ్బి, గాలికి ఎగిరేంత తేలికైన బూడిదగా కూర్చుంటుంది. ఎర్రపొడీ తెల్లపొడీ రేణువు రేణువునూ వెతుక్కుంటూ నడవవలసిన దూరం ఇక్కడ లేదు. పరమాణువులు నీళ్ళలోనే ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. అందుకే ఆ బూడిదను అంతకన్నా చాలా తక్కువ వేడిలో కాల్చినా గుడి కట్టుకుంటుంది, స్ఫటికాలు మైక్రానుకు చాలా దిగువన సన్నగా, ఆరు మూలల రేకులుగా విచ్చుకుంటాయి, పట్టు గట్టిపడుతుంది. ఎమ్మెస్సీ పిల్ల ఒకతె మొదటిసారి ఆ జిగురు అంటుకోవడం చూసి చేతులు జోడించిందంటే నేను ఆశ్చర్యపోను. హోమగుండం ముందు నిలబడ్డవాళ్ళు చేసేది అదే.

కాల్చకుండా, రబ్బరులో కలిపి వత్తే పద్ధతి ఇంకొకటి. ఫెర్రైటు పొడిని రబ్బరుతో కలిపి రెండు రోలర్ల నడుమ పలచగా సాగదీస్తారు. రేణువు రేకులాంటిది గనుక ఆ ఒత్తిడికే పడుకుంటుంది. పడుకున్న రేకు మీద దాని దిక్కు నిలువుగా లేచి నిలబడుతుంది. బలం తక్కువే, వంగే గుణం మాత్రం దీనిదే. ఫ్రిజ్ తలుపు అంచున మెత్తగా అతుక్కుని పాలనూ పండ్లనూ కాపాడేది ఇదే.

కాళేశ్వరా! ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, ఒకే పానవట్టం మీద రెండు లింగాలై కొలువున్నవాడా! ఒకటి కాలుడు, ఒకటి ముక్తీశ్వరుడు. బంధమూ నువ్వే, విడుదలా నువ్వే, పీఠం ఒక్కటే. ఈ నల్లని బిళ్ళను చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు నీ గర్భగుడి కళ్ళముందు నిలుస్తుంది. దీనికీ రెండు కొసలు. ఒకటి పిలుస్తుంది, ఒకటి తోస్తుంది. విడదీద్దామని రెండు ముక్కలు చేస్తే, ప్రతి ముక్కకూ మళ్ళీ రెండు కొసలే. నాలుగు చేసినా అంతే, నాలుగు వందలు చేసినా అంతే. రేణువు దాకా, పరమాణువు దాకా ఆ జంట విడదు. ఉత్తరం ఒక్కటే ఉన్న అయస్కాంతం ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు. నీ పానవట్టాన్ని నువ్వు ఎంత లోతు దాకా చెక్కావో!

చివరి సంస్కారం ఒకటి మిగిలి ఉంది. కొలిమి నుంచి వచ్చిన బిళ్ళ ఇంకా అయస్కాంతం కాదు. 450 డిగ్రీల వేడి దాటితే ఈ పదార్థంలో అయస్కాంతత్వం నిలవదు, 1200 చూసి వచ్చింది కనుక అది అన్నీ మరచి వచ్చింది. గీత మాత్రం ఉంది, గీత వెంట ప్రవాహం లేదు. వజ్రపు పొడి అద్దిన చక్రంతో అంచులు సానబట్టి, తీగచుట్ట నడుమ దాన్ని కూర్చోబెట్టి, కెపాసిటర్లలో దాచిన విద్యుత్తును ఒక్కసారి వదులుతారు. సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడిచేలోపు అయిపోతుంది. కంటికి కనిపించిన మార్పు ఏమీ ఉండదు. రంగు అదే, బరువు అదే, చల్లదనం అదే. కాని పక్కనున్న మేకు కదిలింది. విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ అయ్యాక రాయి రాయిగానే ఉంటుంది, ఊరు మాత్రం దాని చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

అక్కడి నుంచి ఎన్ని కొలువులకు పోతుందో చూడండి. శివరాత్రి జాగారానికి వేములవాడ రాజన్న గుడి చుట్టూ మోగే స్పీకర్ల వెనక గుండ్రని నల్ల చక్రమై కూర్చుంటుంది. బతుకమ్మ పాటను వాడ చివరి దాకా మోస్తుంది. కారు అద్దం మీద వాన తుడిచే చిన్న మోటారులో వంపు తిరిగిన పెంకై ఒదుగుతుంది. కరీంనగర్, పెద్దపల్లి రైస్ మిల్లుల్లో జారే వడ్ల దారిలో నిలబడి, కళ్ళంలో కలిసిన మేకునూ తీగముక్కనూ అన్నంలోకి పోనివ్వకుండా పట్టుకుంటుంది. అరుదైన లోహాలతో చేసిన అయస్కాంతాలు దీనికన్నా ఎన్నో రెట్లు బలమైనవి, ఆ మాట నిజమే. వాటిలో చాలావాటికి తుప్పు భయం ఉంది, పైన పూత కావాలి. దీనికి పూత అక్కరలేదు. పుట్టుకే తుప్పులోంచి అయినదానికి ఇక కొత్తగా పట్టే తుప్పు ఏముంది? తడిలో పెట్టినా ఉంటుంది, చౌకగా వస్తుంది, ఇంటింటికీ వస్తుంది. దేవుడి ప్రసాదానికి ఉండవలసిన గుణం అదే అని నా నమ్మకం.

ఇంకొక వరం దాచి ఇచ్చావు దీనికి, అది చెప్పకుండా ఉండలేను. వేడి పెరిగితే ఏ అయస్కాంతానికైనా లాగే బలం కాస్త తగ్గుతుంది, దీనికీ తగ్గుతుంది. కాని తన దిక్కును వదలకుండా పట్టుకునే గుణం, ఎదురు క్షేత్రం వచ్చి తిప్పబోతే తిరగనని నిలబడే గుణం, చాలావాటిలో వేడితో సడలేది, దీనిలో వేడితో పెరుగుతుంది. మామూలు వాడకపు వేడిలో డిగ్రీ డిగ్రీకీ ఇంకొంచెం బిగుస్తుంది. చలిలోనే దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. మే నెలలో రామగుండం బొగ్గుగనుల మీద, కరెంటు ప్లాంటు చిమ్నీల మీద ఎండ 45 డిగ్రీలు దాటి కాసేటప్పుడు, రోడ్డు పక్క టీకొట్టులో పాడే రేడియో వెనక ఆ నల్ల బిళ్ళ జనవరి తెల్లవారుజామున కన్నా గట్టిగా తన ఉత్తరాన్ని పట్టుకుని ఉంటుంది. నిప్పులో పుట్టి నిప్పుకు జంకని ఈ మన్నుకు ఆ పట్టు ఇచ్చినవాడా, నీకు జయము, జయము.